ఉప్పు తక్కువ సముద్రం

బేరమాడి బేరమాడి సముద్రాన్ని చెరువు చేసినవాణ్ణి నేను. నాకంటే ముందు ఈ పని ఎవరైనా చేసుంటే చెప్పండి, పక్కకు తప్పుకుంటాను.

మూసాపేట మెట్రో స్టేషన్ కింద జిరాక్స్ షాపుకూ టిఫిన్ సెంటరుకూ మధ్య ఇరుక్కున్న ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఆ బేరం నడిచింది. ఏజెంటు గోదావరి వైపు మనిషి. థాయ్‌లాండ్, బీచ్ ప్యాకేజీ, ఐదు రోజులు, మనిషికి నలభై ఎనిమిది వేలన్నాడు. నేను ముప్పై అన్నాను. ఆయన నవ్వి అల్లం టీ తెప్పించాడు. టీ తాగి మళ్ళీ ముప్పై అన్నాను. నేను పెరిగింది బోరబండ దుకాణాల్లో. ఇప్పుడు చేసేది హైటెక్ సిటీలో ఒక కంపెనీకి కుర్చీలు, కాఫీ మిషన్లు కొనిపెట్టే ఉద్యోగం. దుకాణంలో దాన్ని బేరం అంటారు, మా ఆఫీసులో నెగోషియేషన్ అంటారు. రెండూ ఒకటే, కాకపోతే రెండోదానికి ఏడాదికోసారి బోనసిస్తారు.

గంటన్నర తర్వాత ముప్పై ఒకటి దగ్గర ఆగాం. ఆ లోపల నేను రెండుసార్లు అలిగి మెట్లు దిగాను, రెండుసార్లూ ఆయన "రండి సార్, కూర్చోండి" అని వెనక్కి పిలిచాడు. చివరికి రసీదు రాస్తూ, "ఈ రేటుకి బీచ్ వ్యూ రాదండి, వాటర్ వ్యూ వస్తుందండి," అన్నాడు.

"నీళ్ళు నీళ్ళే కదా," అన్నాను, గెలిచినవాడి ఉదారతతో.

రెండేళ్ళ కిందటి ఈ ఘనకార్యం మొన్న ఒక పూలకుండీ వల్ల గుర్తొచ్చింది.

నేనుండేది శేరిలింగంపల్లి వైపు ఒక టవర్లో, పద్నాలుగో అంతస్తులో. ఆ ఏడాదే కొన్నాను. అప్పుడది లేక్ వ్యూ ఫ్లాటు. చెరువు కనబడుతున్నందుకు చదరపు అడుక్కి ఇంత అని అదనంగా గుంజారు. నేను ఊరుకుంటానా, బేరమాడి కిటికీలకు దోమతెరలు ఉచితంగా రాబట్టాను. ఆ చెరువు వాసనకు కిటికీలు ఎలాగూ తెరవం. ఇప్పుడు మాకూ చెరువుకూ మధ్య అదే బిల్డరు ఇంకో టవరు లేపి, వాళ్ళకు లేక్ వ్యూ అమ్ముతున్నాడు. అడుగుదామని ఆఫీసుకు పోతే, మెడలో ట్యాగు వేసుకున్న సేల్స్ మేనేజరు ఎంతో ఓపిగ్గా చెప్పాడు.

"లేక్ ఎక్కడికీ పోలేదు సర్. వ్యూ ఒక్కటే షిఫ్ట్ అయింది."

చెప్పి, నా చేతిలో ఒక మనీప్లాంట్ కుండీ పెట్టాడు. "కాంప్లిమెంటరీ సర్."

ఆ కుండీ పట్టుకుని లిఫ్టులో నిలబడితే మా పెద్దమ్మ గొంతు వినిపించింది. "అసలు ఎగ్గొట్టి కొసరిచ్చెటోని దుకాణం ఎన్నొద్దులు నడుస్తదిరా?"

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. బోరబండలో ఆమెది కిరాణా దుకాణం. పెదనాన్న పోయాక నలభయ్యేళ్ళు ఒక్కతే నడిపింది. మా వాళ్ళది పక్క గల్లీలో బట్టల కొట్టు. కానీ వ్యాపారం అంటూ నాకేమైనా తెలిస్తే అది పెద్దమ్మ దగ్గర తెలిసిందే. తెలిసినదాన్ని తప్పుగా నేర్చుకోవడం మాత్రం నా స్వయంకృషి.

ఆమె దగ్గర త్రాసు ఉండేది గానీ అది గిరాకీల తృప్తి కోసం. ఆమెకు చెయ్యి చాలు. ఆ థాయ్‌లాండ్‌కు నాతో వస్తూ ఎయిర్‌పోర్టులో మా సూట్‌కేసు లేపి, "పన్నెండు కిలోల మీద పావు," అంది. బెల్టు మీద పెడితే పన్నెండూ రెండు వందలు చూపించింది. కౌంటరు అమ్మాయి వైపు వంగి, "నీ మిషన్ యాభై గ్రాములు కొడ్తున్నది బిడ్డా, జర చూపించుకోండ్రి," అని రహస్యంగా చెప్పింది.

కొసరు ఆమె మతం. కొసరంటే ఏమిటో ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది, పది నిమిషాల్లో ఇంటికి సామాను తెచ్చే యాప్‌లలో ఆ బటన్ లేదు కాబట్టి. తూకం అయ్యాక, ధర కుదిరాక, సంచి మూతి కట్టే ముందు దుకాణదారు తన చేత్తో ఇంకో పిడికెడు వేస్తాడు చూడండి, అది. పెద్దమ్మ ఎన్నడూ ధర తగ్గించమని అడగదు. "తగ్గియ్యమంటే వాని పానం కలుక్కుమంటది. కొసరడుగు. దొర లెక్క ఇస్తడు," అనేది. నా పద్ధతి ఆమెకు నచ్చేది కాదు. "నీది బేరం గాదురా, జేబు కత్తిరించుడు."

ఇంక నాలుక. లారీ దిగిన ఏ మూటైనా సరే, చిటికెడు తీసి నాలుక మీద వేసుకోనిదే లోపలికి రానిచ్చేది కాదు. బెల్లం, మిరప్పొడి, పప్పు, అన్నీ. కల్తీ ఉంటే ఆమెకు తెలిసిపోయేది. కానీ గట్టిగా అరవదు. "ఈ మూట జర పక్కన పెట్టు," అంటుంది, అంతే. గిరాకీలంతా పోయాక సరుకు తెచ్చినాయనను కూర్చోబెట్టి, "అన్నా, గిది నీ సరుకు గాదు. తప్పొచ్చింది, తీస్కపో," అనేది. పదిమంది ముందర దుకాణదారు ఇజ్జత్ తీయకూడదని ఆమె నియమం. దొంగ దుకాణదారైనా సరే. సిగ్గుపడ్డవాడు ఇంకోసారి చెయ్యడని ఆమె నమ్మకం. నా ఒక్కడి విషయంలోనే అది తప్పింది.

ఉప్పును మాత్రం ఆమె గౌరవంగా చూసేది. చేతి నుంచి చేతికి ఇవ్వదు, కాగితంలో పోసి పెట్టాల్సిందే. దీపాలు పెట్టాక దాని పేరెత్తదు. "రుచి" అంటుంది. సాయంత్రాలు ఎవరైనా వచ్చి "అమ్మా, ఉప్పు" అంటే, "ఏంది? రుచా?" అని దిద్ది మరీ ఇచ్చేది.

ఆ ఉప్పే ఈ కథంతటికీ మూలం.

"అన్నిటి పుట్టుక చూసిన్రా," అంది ఒకరోజు. "కంది చేను చూసిన, మిరప తోట చూసిన, బెల్లం వండే పొయ్యి చూసిన. నలభయ్యేండ్ల సంది ఉప్పమ్ముతున్న, అది పుట్టే కాడికి మాత్రం పోలే. మాల్ యాడికెల్లొస్తదో చూడకుంట అమ్ముడేంది? ఒక్కపారి సముద్రం చూపియ్యి. నాలిక మీద ఏసుకొని చూస్త."

రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి వైజాగ్. కానీ ఆమె ఒక్క రోజు షట్టర్ దించితే కదా. మాకది ఏళ్ళ తరబడి నవ్వులాట. అలాంటిది, మోకాళ్ళు ఇక బస్తాలు మొయ్యొద్దన్నాక, ఆమే నోరు తెరిచి, "ఐదొద్దులు షట్టర్ దించుత. చూపిస్తవా?" అని అడిగింది.

"వైజాగేంది పెద్దమ్మా, ఫారిన్ సముద్రమే చూపిస్త," అన్నాను. అని మూసాపేట వెళ్ళాను. అక్కడ ఏం జరిగిందో చెప్పాను కదా.

ముప్పై ఒక్క వేలకు వచ్చిన ఊరు థాయ్‌లాండ్‌కు ఈశాన్య మూలన ఉన్న ఒక జిల్లా కేంద్రం. దాని పేరు పలకడానికి నాకు మూడు రోజులు పట్టింది. పెద్దమ్మ ప్రయత్నించలేదు. బోరబండకు సముద్రం ఎంత దూరమో ఆ ఊరికీ ఇంచుమించు అంతే దూరం. అంటే రెండు విమానాలు మారి, మనం సముద్రానికి ఎంత దూరంలో ఉన్నామో సరిగ్గా అంత దూరంలోనే దిగామన్నమాట. హోటలు గది కిటికీ తీస్తే ఎదురుగా పెద్ద చెరువు, చుట్టూ పార్కు. వాటర్ వ్యూ. ఏజెంటు మాట తప్పే మనిషి కాదు.

పార్కు బాగుంది, ఒప్పుకోవాలి. మా ఐటీ కారిడార్ చెరువు పార్కులో టికెట్టు కోసం ఫోన్లో కోడ్ స్కాన్ చెయ్యాలి. గడ్డి మీద కూర్చుంటే గార్డు ఈల వేస్తాడు. నడిచేవాళ్ళు చెవుల్లో బడ్స్ పెట్టుకుని క్లయింటుతో మాట్లాడుతూ నడుస్తారు, చెరువును చూసేది సెల్ఫీలో, అదీ వీపుతో. ఇక్కడ గేటే లేదు. గడ్డి మీద చాపలు పరిచి ఇళ్ళకిళ్ళు దిగిపోయాయి. నీళ్ళలో హంస పడవలు, ఒడ్డున ఇల్లంత పసుపు బాతు బొమ్మ, ఆవల గుడి గోపురం.

మొదటి సాయంత్రం పెద్దమ్మను ఒడ్డుకు తీసుకెళ్ళాను. అప్పుడే లైట్లు వెలిగాయి.

"ఇదే పెద్దమ్మా."

"ఏది?"

"సముద్రం."

ఆమె చూసింది. హంసలను చూసింది. బాతును చూసింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుంది. నేను బాతు వైపు తిరిగాను.

"రుచి తక్వున్నదేందిరా?"

"ఇది ఆఫ్ సీజన్ పెద్దమ్మా."

"అట్లనా," అంది, వేలు కొంగుకు తుడుచుకుంటూ. మళ్ళీ నీళ్ళ వైపు చూసి, "సరే. జర పక్కన పెట్టు," అంది.

చెప్పుల సంగతనుకుని ఆమె చెప్పులు తీసి పక్కన పెట్టాను. సముద్రం చూడని మనిషికి చెరువు అమ్మడం ఎంత తేలికో అనుకుంటూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నలభయ్యేళ్ళు ఉప్పమ్మిన మనిషని నాకు తట్టనే లేదు.

రెండో సాయంత్రం ఆమె ఉడకబెట్టిన పల్లికాయల బండి దగ్గర ఆగింది. బండి ఆమెది దాదాపు పెద్దమ్మ వయసే, తలకు పూల టోపీ. పొట్లం కట్టాక పెద్దమ్మ చెయ్యి చాపి, ఇంకో పిడికెడు వెయ్యమని సైగ చేసింది. ఆమెకు అర్థం కాలేదు, నవ్వింది. పెద్దమ్మ మన ఊరి పద్ధతిలో అలిగి నడక మొదలుపెట్టింది. పది అడుగుల్లో వెనక్కి పిలవాలి, లెక్క ప్రకారం. ఎనిమిది. తొమ్మిది. పది. పిలుపు లేదు. పదకొండో అడుగుకు మైకుల్లో పాట వచ్చింది. పార్కు మొత్తం ఆగిపోయింది. పరుగెత్తేవాళ్ళు, చాపల మీది వాళ్ళు, పిల్లలు, ఐస్‌క్రీం బండి, ఎక్కడివాళ్ళక్కడ నిటారుగా. సాయంత్రం ఆరింటికి ఆ దేశంలో జాతీయగీతం వేస్తారనీ అందరూ నిలబడతారనీ నాకు తర్వాత తెలిసింది. పెద్దమ్మ కూడా ఒక కాలు ముందుకు వేసి అలాగే నిలబడిపోయింది. పాట అయింది. లోకం కదిలింది. పల్లికాయలామె పరుగెత్తుకుంటూ వచ్చి రెండు పిడికిళ్ళు పొట్లంలో పోసి, "థేమ్, థేమ్" అంది.

థేమ్ అంటే వాళ్ళ భాషలో కొసరేనట, హోటలామె చెప్పింది. పెద్దమ్మ నేర్చుకున్న ఒకే ఒక్క థాయ్ మాట అది. చాలంది.

తర్వాత బోరబండలో ఆమె చెప్పిన కథ వేరు. "కొసరియ్యలేదని అలిగి పోతుంటే ఊరు ఊరంత నిలబడ్డది బిడ్డా. గసుంటి మర్యాద మనకాడ యాడున్నది?"

మూడో సాయంత్రం మేం కాస్త ముందు వెళ్ళేసరికి బండి దగ్గర ఎవరూ లేరు. పల్లికాయలున్నాయి, పక్కన డబ్బుల డబ్బా మూత తెరిచి ఉంది. మనిషి లేదు. పెద్దమ్మ ముఖం పాలిపోయింది.

"గల్లా ఇడిసిపెట్టి పోయిందిరా!"

యాభై గజాల అవతల స్పీకర్లలో పాటలకు వందమంది ఎగురుతున్నారు. పార్కులో రోజూ ఉచితంగా జరిగే ఏరోబిక్స్. మూడో వరసలో పూల టోపీ ఎగురుతోంది. జనం వచ్చి, డబ్బులు డబ్బాలో వేసి, తామే పొట్లం కట్టుకుని పోతున్నారు. పెద్దమ్మ అది చూడలేకపోయింది. వెళ్ళి బండి వెనక కూర్చుంది. గంటసేపు అమ్మింది. ప్రతివాడికీ పిడికెడు వేసి, "థేమ్" అంది. పూల టోపీ ఆమె చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి డబ్బా నిండింది, బండి ఖాళీ. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండా అరగంట మాట్లాడుకున్నారు. పెద్దమ్మ తిట్టింది. ఆమె నవ్వింది. నాలుగో రోజూ ఇదే.

చివరి సాయంత్రం పూల టోపీ ఆమె పెద్దమ్మ చెయ్యి పట్టి లాగింది. పెద్దమ్మ గల్లా వైపు చూసింది, నావైపు చూసింది.

"కూసో. ఎవ్వనితోని బేరమాడకు," అని చెప్పి, కొంగు నడుముకు దోపి వెళ్ళింది.

నేను కూర్చున్నాను. రెండు పాటలు. మోకాళ్ళు వంగవు కాబట్టి చేతులతోనే ఎగిరింది, పిట్టలను తోలుతున్నట్టు. నలభయ్యేళ్ళలో ఆమె గల్లాకు వీపు చూపించడం నేను చూసింది అదొక్కసారే.

వచ్చి చాప మీద కూలబడింది. నీళ్ళు తాగింది. ఇంకా లైట్లు వెలగలేదు.

"బిడ్డా, సముద్రానికి అవతలి ఒడ్డు కనబడ్తదా?"

నేను మళ్ళీ బాతు వైపు తిరిగాను.

"కనబడ్తున్నది మరి. గా ఒడ్డు మీద ఒకాయన కుక్కకు బిస్కెట్ పెడ్తున్నడు. నిన్న పొద్దుగాల చుట్టు తిరిగొచ్చిన, గీ మోకాళ్ళతోని. గంట పట్టింది."

"పెద్దమ్మా, ఆ ఏజెంటు మోసం..."

"ఏజెంటును నడుమ తేకు. ఉప్పు లేదురా ఇండ్ల."

ఉప్పు అన్న ఆ మాట ఎంత గట్టిగా వినిపించిందో చెప్పలేను.

"మొదటి రోజే తెలిస్తే అప్పుడే ఎందుకు అనలేదు?"

"గిరాకి ముంగట దుకాణదారు ఇజ్జత్ తియ్యొద్దని నీకెన్నిసార్లు చెప్పిన?"

"ఇక్కడ గిరాకి ఎవరున్నరు?"

"నేనే గిరాకి. నువ్వు దుకాణదారువు. ఇంకెవ్వరు లేకుంటె తియ్యొచ్చునా?"

నేను తల దించుకున్నాను. ఆమె పల్లికాయ ఒలిచి నా చేతిలో పెట్టింది.

"మొఖం గట్ల పెట్టకు. మంచిగనే ఉన్నది చెరువు. గల్లా ఇడిసి ఎగురుడు గూడ నేర్సుకున్న. దీన్ని కొసరు కింద పట్టుకపోత. అసలు ఎప్పుడిస్తవో చెప్పు."

"దీపావళికి వైజాగ్. నా ఒట్టు."

"ఒట్టొద్దు. రేటడగకుండ తీస్కపో, చాలు."

బోరబండలో అందరికీ ఆమె సముద్రం చూశానని చెప్పింది. ఎలా ఉందని అడిగితే, "రుచి జర తక్వ, గని మనుషులు మంచోళ్ళు," అనేది నావైపు చూడకుండా. నా ఇజ్జత్ అలా నిలబడింది.

దీపావళికి టికెట్ల ధర ఎక్కువుంది. ఆ తర్వాత సెలవులకు ఇంకా ఎక్కువుంది. ఎండాకాలం బీచ్ హోటళ్ళు మండిపోతున్నాయి. ధర దిగితే చెప్పమని ఫోన్లో అలర్టు పెట్టాను. నెలకోసారి దుకాణానికి పోతే, పెద్దమ్మ గల్లా మీద వేళ్ళతో తట్టి, "అసలేదిరా?" అనేది. "రేటు దిగనీ పెద్దమ్మా," అనేవాణ్ణి. నవ్వి నా సంచిలో పిడికెడు పుట్నాలు పోసేది.

పోయిన వానాకాలం, ఒక బుధవారం పొద్దున, షట్టర్ తీయకముందే పెద్దమ్మ పోయింది.

దుకాణం ఖాళీ చేసేటప్పుడు మూల సగం బస్తా ఉప్పు మిగిలి ఉంది. ఎవరికీ అక్కర్లేదన్నారు. నేను తెచ్చుకున్నాను. మా పద్నాలుగో అంతస్తు బాల్కనీలో ఉంది. మొన్న ఆ మనీప్లాంట్ కుండీని దాని పక్కనే పెట్టాను. ఎదురుగా టవరు.

ఇక లెక్క. సరిగ్గా చెప్తాను.

ఏజెంటు మోసం చేశాడని మా ఇళ్ళల్లో అందరికీ చెప్పాను. చెయ్యలేదు. రసీదు రాస్తూ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. మీకు చెప్పేటప్పుడు దాన్ని దాటేశాను. "అది చెరువండి. సముద్రం అక్కడికి చాలా దూరమండి. పెద్దావిడకి ముందే చెప్పండి మరి," అన్నాడు. "ఆమె ఎప్పుడూ చూళ్ళేదు, తెలీదు లెండి," అన్నాను.

ఇద్దరి మీద కలిపి ఆ రోజు నేను మిగిల్చింది ముప్పై నాలుగు వేలు. అది ఈ ఫ్లాటు లేక్ వ్యూలోకి పోయింది. ఆ వ్యూ పోయింది. వైజాగ్ టికెట్టు ధర దిగిందని అలర్టు ఇప్పటికీ వస్తుంది, నిన్న కూడా వచ్చింది. నాలుగు వందలు తగ్గిందట. పెద్దమ్మకు కొసరు ముట్టింది. అసలు ముట్టలేదు.